సొంబారి చెప్పిన పేర్లు

పోయిన నెల మా ఆవిడ సంవత్సరీకం జరిగింది. పీటల మీద మా పెద్దవాడు కూర్చున్నాడు. పురోహితుడు వాడి చేత నువ్వులూ నీళ్ళూ వదిలిస్తూ తల్లి పేరు అడిగాడు, చెప్పాడు. తండ్రి తల్లి పేరు అడిగాడు, కాస్త తడుముకుని అదీ చెప్పాడు. ఆ పై తరం ఆవిడ పేరు అడిగేసరికి తలెత్తి నావైపు చూశాడు. ఆ పై తరం ఆవిడంటే మా నాయనమ్మ. ఆవిడ కలిపి పెట్టిన ముద్దలు తిని, ఆవిడ పక్కలో పడుకుని పెరిగాను. ఇంట్లోవాళ్ళు ఆవిణ్ణి అమ్మ అనో అత్త అనో పిలిచేవారు, ఊళ్ళోవాళ్ళు మా నాన్న పేరు చెప్పి వాళ్ళమ్మ అనేవారు. కన్నవాళ్ళు ఆవిడకు పెట్టిన పేరేమిటో నాకు తెలియదు. తెలియదన్న సంగతే ఆ క్షణం దాకా తెలియలేదు. మా పురోహితుడు పని ఆపుకునే మనిషి కాడు. "గంగ అందాం లెండి, దోషం లేదు," అని మంత్రం సాగించాడు. భోజనాల దగ్గర నేను సరిగా తినలేదని పిల్లలు గమనించారు, అమ్మ గుర్తొచ్చిందనుకున్నారు. గుర్తు రాలేదని చెప్పను. కానీ ఆ పూట నాకు ముద్ద దిగకుండా చేసింది కొండ మీది ఒక ముసలామె. ఆమె పేరు సొంబారి. ఆమెను గురించి నా పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు, మా ఆవిడకూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇది చివరిదాకా చదివినవాళ్ళకు తెలుస్తుంది.

నేను చదివింది మనుషుల శాస్త్రం. ఇప్పుడు మానవశాస్త్రం అంటున్నారు, అప్పటికి తెలుగులో దానికి పేరే స్థిరపడలేదు. మాది విజయనగరం అవతల మెట్ట వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాన్న నన్ను ప్లీడరు చెయ్యాలనుకున్నాడు. రైల్లో ఒకటిన్నర రోజు కూర్చుంటే గాని చేరలేని పట్నంలో, సర్కారు విశ్వవిద్యాలయంలో, ఎవరూ విని ఎరగని ఈ చదువులో చేరానని ఉత్తరం రాస్తే ఆయన మూడు నెలలు జవాబు రాయలేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ మాత్రం చేటలో బియ్యం చెరుగుతూ అంతా విని, "మనుసుల్ని సదూకోడానికి అంత దూరం ఎల్లాలేట్రా? ఈది అరుగు మీద కూకుంటే ఊరంతా అగుపడదా?" అంది. అందరం నవ్వాం. ఆ నవ్విన వాళ్ళలో నేనే ఎక్కువ నవ్వాను.

మా తరగతిలో అయిదుగురం. మేడ మీద పొడవాటి గది, గోడ పొడుగునా గాజు బీరువాల్లో పుర్రెలు, ప్రతి పుర్రె నుదుటి మీద నల్ల సిరాతో ఒక అంకె. వానాకాలం కిటికీలు మూసేస్తే ఆ గదంతా స్పిరిటు వాసన, దాని కింద పాత ఎముకల మట్టి వాసన. తల కొలిచే ఇనప పట్టకార్లతో ఒకరి తలలు ఒకరం కొలుచుకుని నేర్చుకున్నాం. ఆచార్యులవారు పొట్టి మనిషి, ఎండకూ వానకూ ఒకే గొడుగు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆయన మాకు నేర్పిన పెద్ద విద్య వంశవృక్షం రాయడం. "ఎవరినీ మీ ఆచారం ఏమిటని అడక్కండి. అడిగితే మీకు నచ్చేదే చెబుతారు. మీ నాన్న ఎవరు, ఆయన నాన్న ఎవరు, ఎవరిని చేసుకున్నాడు, ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, ఇవి అడగండి. పేర్లు పట్టుకురండి. మిగతాదంతా పేర్లే చెబుతాయి," అనేవారు. నాకు ఆ మాట తెగ నచ్చింది. పట్టా కావాలంటే ఏదో ఒక ఊళ్ళో కొన్నాళ్ళుండి వ్యాసం రాయాలి. నీ ఊరికి దగ్గర్లో కొండలున్నాయి కదా అని ఆయనే అన్నారు. మా కళ్ళంలో నిలబడితే పడమట నీలంగా కనిపించే కొండలవి. మా వైపువాళ్ళకు అవంటే జ్వరం, పులి, అప్పటికి కొత్తగా చల్లారిన పితూరీ. ఉప్పు అమ్ముకునేవాళ్ళు తప్ప పని లేనివాడెవడూ ఎక్కేవాడు కాదు.

శృంగవరపుకోట సంతలో అప్పలసామి దొరికాడు. ఉప్పూ పొగాకూ కొండ మీదికి మోయించి, పసుపూ పిప్పళ్ళూ చింతపండూ కిందికి దింపే చిల్లర వ్యాపారి. కొండ భాష వచ్చు. ఒక వేసవి సెలవుల్లో అతనితో కలిసి రెండు రోజులు ఘాటీ ఎక్కి, అరకు సంత దాటి, అక్కణ్ణించి ఒక పూట నడిచి ఆ ఊరు చేరాను. ఊరి పేరూ, వాళ్ళ తెగ పేరూ ఇక్కడ రాయను. ఒక ఇంటి సంగతిని ఒక తెగ సంగతిగా రాసి నేను ఒకసారి చేసింది చాలు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, చేతిలో ఇనప పట్టకారు చూసి నన్ను రోడ్డు పనికి మనుషుల్ని పట్టుకుపోయే నౌకరు అనుకున్నారు. మగవాళ్ళంతా అడివిలోకి జారుకున్నారు. ఒక్క ముసలామె మాత్రం వసారాలో కదలకుండా కూర్చుంది. అప్పలసామి ఆమెతో ఏదో అన్నాడు, ఆమె ఏదో అంది. "మీరు ఏటి పట్టుకుపోడానికి వచ్చినారని అడుగుతంది బాబూ," అన్నాడు. పేర్లు అన్నాను. ఆమె లోపలికెళ్ళి ఒక చాప తెచ్చి వసారాలో పరిచింది. ఆమే సొంబారి. ఇంట్లో ఆమె, కోడలు గురుబారి, కోడలి ఇద్దరు చిన్న ఆడపిల్లలు. కొడుకు రెండేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. ఆ వంశంలో తక్కిన ఇళ్ళన్నీ అంతకు ముందే జ్వరాలకు ఖాళీ అయ్యాయి.

ఇల్లంటే ఒకటే గది, ముందు వసారా. ఎర్రమట్టి పూసిన గోడలు, గడ్డి కప్పు చూరు ఎంత కిందికి ఉండేదంటే నేను వంగి వంగి వెళ్ళేవాణ్ణి. పొయ్యి ఎప్పుడూ ఆరేది కాదు. దానిపైన పొగకు నల్లబడ్డ దూలానికి ఎండిన ఆనపకాయ బుర్రలు వేలాడేవి, వాటిల్లో విత్తనాలు. అన్నిటికంటే పెద్ద బుర్రలో చోళ్ళు, మీరు రాగులంటారు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు తెలుసు: పొగ, తడిసిన మేక, పచ్చి పసుపు, వీటన్నిటి మీదా టెంక అంబలి పులిసిన వాసన. మామిడి టెంకల్లోని జీడి ఎండబెట్టి, దంచి, గుడ్డలో కట్టి, వగరు పోయేదాకా వాగు నీళ్ళలో వదిలి, దానితో అంబలి కాచేవాళ్ళు. ఇంట్లో నలుగురూ అదే తాగేవారు. నాకు మాత్రం దొప్పలో చోడంబలి పోసేవారు. అది మర్యాద అని నాకు తెలుసు గాని ఆ మర్యాద వెనక ఏముందో తెలియలేదు. "వీరికి టెంక అంబలి ప్రీతి" అని పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సొంబారి తెల్లవారకముందే లేచి, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ తాగుతూ పొయ్యి ఎగదోసేది. పొద్దెక్కాక కొండ మీది పొలానికి పోయి మధ్యాహ్నానికి దిగేది. అప్పుడు నా వంతు. నేను చాప మీద, అప్పలసామి గుమ్మంలో, ఆమె పొయ్యి పక్కన. మామగారి నాన్న ఎవరని అడిగాను. ఆమె చుట్ట తీసి పక్కన పెట్టి, పొయ్యివైపు తిరిగి, కూర్చున్నచోటు నుంచి ఒక జానెడు పక్కకి జరిగింది. అప్పుడు పేరు చెప్పింది. ఆయన తమ్ముడు? మళ్ళీ జానెడు జరిగింది. పక్కన ఎవరో కూర్చోవడానికి చోటిస్తున్నట్టుండేది. నాలుగు పేర్లయ్యేసరికి చెయ్యి అడ్డంగా ఊపి లేచిపోయేది. ఎంత అడిగినా రేపే.

అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. సోమవారం పుడితే సోమ, ఆడపిల్లయితే సొంబారి. బుధవారమైతే బుద్ర, గురువారమైతే గురు, శుక్రవారమైతే సుక్ర. ఉన్నవి ఏడు వారాలు. అయిదారు తరాల ఇంట్లో ఎంతమంది సోమలో, ఎంతమంది సుక్రలో! నేను తికమకపడి సోమ ఒకటి, సోమ రెండు అని రాసుకునేవాణ్ణి. ఆమె ఎవరినీ కలిపేసేది కాదు. ఉప్పు వేస్తే ముట్టని సోమ. పులి ఎత్తుకుపోయిన సోమ. దింసా ఆడేటప్పుడు వరసకు ముందు నిలబడే సోమ. పుట్టిన తొమ్మిదో రోజున పోయిన సోమ. ఆ తొమ్మిది రోజుల పసివాడి గురించి చెప్పేటప్పుడు కూడా పక్కకి జరిగింది, కాకపోతే బెత్తెడే. ఆమె మొహంలో అలసట ఉండేది గాని విసుగు ఉండేది కాదు. తమ ఇంటివాళ్ళ పేర్లు ఇంతమందివి ఒకరు కూర్చుని అడగడం, రాయడం ఆమె ఎప్పుడూ చూడలేదు. నేను రాస్తున్న కాగితం మీదికి వంగి, ఏ గీత ఎవరని వేలితో అడిగేది. చూపిస్తే నవ్వేది. పళ్ళు నాలుగో అయిదో ఉండేవి.

పొద్దున్నే ఇంటి వెనక్కి వెళితే అడ్డాకు ముక్కలు వరసగా పరిచి ఉండేవి. ఒక్కొక్క ఆకు మీద గుప్పెడు చోళ్ళు దంచి వండిన ముద్ద. ఒక్కోరోజు ఒక ఆకు కంచెకు అవతల విడిగా ఉండేది. ఒక్కోరోజు ఒక ముద్ద ఉసిరికాయంతే ఉండేది. నేను బొమ్మ గీసుకున్నాను. "ఈ తెగవారు ప్రతిదినమూ ఉదయాన పితృదేవతలకు ఆహారం నివేదిస్తారు" అని రాసుకుని, ఎవరూ చూడనిది చూశానని పొంగిపోయాను. ఆకులెన్నో కూడా రోజూ రాశాను. నాలుగు పేర్లు చెప్పిన మర్నాడు నాలుగు ఆకులు, మూడు చెప్పిన మర్నాడు మూడు. పేర్లు ఒక పేజీలో, ఆకులు ఇంకో పేజీలో. ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

సెలవులు అయిపోవచ్చాయి. ఇంకా రెండు తరాలు మిగిలాయి. "రోజుకు నాలుగైతే ఎప్పటికవుతుంది? బేగి చెప్పమను," అన్నాను అప్పలసామితో. "ఒగ్గేయండి బాబూ, ముసిల్ది అలిసిపోతాది," అన్నాడు. అలిసిపోవడానికి ఏముంది, చెప్పేది పేర్లే కదా అన్నాను. రోజూ ఇచ్చే పొగాకు కాడలకు తోడు ఆమె ముందు ఇంకో నాలుగు పెట్టాను. ఆమె కాడలవైపు చూడలేదు, దూలం మీది బుర్రవైపు చూసింది. తరవాత అప్పలసామితో ఏదో అంది. అతను తలదించుకున్నాడు. ఆ రోజు పదకొండు పేర్లు చెప్పింది, మర్నాడు పన్నెండు. జరిగి జరిగి గోడకు ఆనుకుంది. పొయ్యి దగ్గర ఆమెకే చోటు లేకుండా పోయిందని నేను హాస్యమాడాను. అప్పలసామి ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మొదటి వాన పడిన రోజున గురుబారి విత్తనం పెద్ద బుర్ర దింపింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మూత తీసి చాప మీద బోర్లిస్తే దోసెడు గింజలు రాలాయి. ఆమె అత్తవైపు తిరిగి అరిచిన అరుపుకి పిల్లలిద్దరూ వసారాలోకి పరుగెత్తారు. సొంబారి గింజల్ని రెండు చేతులతో దగ్గరకి తోసుకుంటూ కూర్చుంది. గురుబారి నావైపు వేలు చూపించింది, పొయ్యివైపు చూపించింది, తల బాదుకుంది. నేను సంతోషంగా పెన్సిలు తీశాను. అత్తాకోడళ్ళ తగువు కళ్ళారా చూడటం ఎవరికి దొరుకుతుంది! "ఏమంటోంది, చెప్పు చెప్పు," అని అప్పలసామిని పొడిచాను. "ఆడోళ్ళ మాటలు బాబూ. రాసుకునేవి కాదు," అని బయటికి పోయాడు. మర్నాడు మేం బయల్దేరాం. కొండవాలు మీది వాళ్ళ పోడు చెక్కలో పైవైపు మాత్రమే తవ్వి చల్లారు, కిందంతా తుప్పలు కాల్చిన వట్టి బూడిద.

ఘాటీ దిగుతూ ఒక వాగు దగ్గర ఆగినప్పుడు అప్పలసామి చెప్పాడు. "బాబూ, కోపం సెయ్యనంటే ఒక మాట. ఆళ్ళు పెతిరోజూ పెట్టరు. కొత్త గింజ తినే కొత్తల పండగకి పెడతారు, ఎవులైనా పోతే పెడతారు. పేరెట్టి పిలిత్తే సచ్చినోళ్ళు వచ్చి పొయ్యికాడ కూకుంటారంట. వచ్చినోళ్ళని ఒట్టి నోటితో పంపకూడదంట. సొంత బూమిలో పండిన గింజే పెట్టాల, కొన్నది పనికిరాదు. మీరు అడిగినారు, ఆమె పిలిసింది, పెట్టింది. ఇత్తనం అయిపోనాది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"సెప్పొద్దన్నాది. ఇంటికొచ్చినోడు అడిగితే లేదంటామేటి అన్నాది." అతను మొహం కడుక్కుని మళ్ళీ అన్నాడు, "ఇంకోటి కూడా అన్నాది లెండి. దాని తరవాత ఆ పేర్లు సెప్పేవోళ్ళు లేరు గదా. మీరు రాసుకుంటన్నారు గదా, ఇంక పోవు అని దానికి సంబరం."

నేను ఒక రాతి మీద కూర్చున్నాను. సిగ్గు వేసింది, చెప్పలేనంత సిగ్గు వేసింది. వెనక్కి ఒక రోజు నడక. వెళ్ళి ఏం చెయ్యను, నా దగ్గర విత్తనం లేదు కదా అనుకున్నాను. అరకు సంతలో విత్తనం కొనవచ్చని, విత్తడానికి కొన్న గింజయినా పనికొస్తుందని ఆ పూట తోచలేదో, తోచనివ్వలేదో. కొండ దిగిన మూడో రోజుకి జ్వరం వచ్చింది. ఆ జ్వరాన్ని నేను చాలా ఏళ్ళు సాకుగా వాడుకున్నాను.

పట్నంలో వ్యాసం రాశాను. మా పద్ధతిలో మగవాళ్ళు త్రికోణాలు, ఆడవాళ్ళు సున్నాలు, పోయినవాళ్ళ మీద అడ్డగీత. ఇన్ని సోమలూ సుక్రలూ చదివేవాళ్ళకు గందరగోళం, అంకెలు వెయ్యమన్నారు ఆచార్యులవారు. వేశాను. ఉప్పు ముట్టని సోమ పదిహేడు అయ్యాడు. పసివాడు నలభై రెండు. పేర్లన్నీ నా రాతపుస్తకంలోనే ఉండిపోయాయి. రోజూ పొద్దున్న పితృదేవతలకు నివేదన అన్న పేజీ దగ్గర ఆయన ఆగి, "ఇది ఇంతవరకు ఎవరూ రాయలేదయ్యా!" అని మెచ్చుకున్నారు. ఎవరూ చెయ్యనిది ఎవరు రాస్తారు? ఆ మాట నా నోటిదాకా వచ్చింది. చెబితే ఆ అధ్యాయం మొత్తం పోతుంది, సంవత్సరం పోతుంది, నాన్న ముందు మొహం పోతుంది. చెప్పలేదు. మొదటి తరగతి వచ్చింది. గది ఖాళీ చేస్తూ పాత కాగితాలన్నీ, రాతపుస్తకంతో సహా, మెస్సు వంటవాడికి ఇచ్చేశాను. పొయ్యి రాజేసుకోవడానికి అతనెప్పుడూ కాగితాలు అడుగుతుండేవాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

కొండ దిగిన మరుసటి ఏడు కార్తీకంలో ఒక బస్తా చోళ్ళు కావడి వేయించుకుని మళ్ళీ కొండెక్కాను. తప్పు దిద్దుకుందామనే ఎక్కాను, అది అబద్ధం కాదు. అప్పలసామి ఈసారి అరకు సంత దగ్గర ఆగిపోయాడు. గురుబారికి సంతలో నేర్చిన తెలుగు ఉంది కాబట్టి ద్విభాషి అక్కర్లేకపోయింది. ఇంటి ముందు కోసిన కొత్త చోడి కంకుల కట్టలున్నాయి. పంట బాగుంది. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగింది. నేను దానికి సిద్ధపడి రాలేదు, తిడుతుందనుకున్నాను.

"బాబు వచ్చినావు. మంచిది అయింది," అంది. "అత్త పోయింది. వానల్లో."

నేను బస్తా దింపించి ఏదో గొణిగాను. ఆమె బస్తా వంక చూడను కూడా చూడలేదు.

"పోయే ముందర అడిగినాను. పేర్లు సెప్పు అత్తా, నాను పై ఊరి దాన్ని, నాకు తెలవదు అన్నాను. బాబు కాడ ఉన్నాయి, నీకు బెంగ ఏటి అంది. నువ్వు వత్తావు అంది. కొత్త గింజ ఇంటికి వచ్చింది. ముందర పెద్దోళ్ళు తినాల, తరవాత మేము. నువ్వు సెప్పు, నాను పెడతాను."

పిల్లలు అడ్డాకులు కోసుకొచ్చారు. గురుబారి కొత్త చోళ్ళు దంచి వండింది. ఆ వాసనకి పిల్లలిద్దరూ కుండ చుట్టే తిరిగారు గాని ఎవరూ చెయ్యి పెట్టలేదు. నేను సొంబారి కూర్చునే చోట కూర్చున్నాను. అరవై దాటిన పేర్లు రాసుకున్నవాణ్ణి, వాటితో పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఉప్పు ముట్టని సోమ అన్నాను. ఆకు పడింది. పులి ఎత్తుకుపోయిన సోమ. దింసాలో ముందు నిలబడే సోమ. తొమ్మిది రోజుల పసివాడు. సొంబారి అత్తగారు, ఆమె సుక్రియో బుదురియో, సుక్రి అన్నాను. నా గొంతులో తేడా గురుబారికి తెలిసినట్టుంది, ఆకు వేసే ముందు కొంచెం ఆగింది. తొమ్మిది ఆకులు పడ్డాయి. ఆ తరవాత ఎవరూ రాలేదు. కళ్ళు మూసుకుంటే త్రికోణాలు కనిపించాయి, సున్నాలు కనిపించాయి, అంకెలు కనిపించాయి. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఆ అంకెల కింద మనుషులెవరూ లేరు.

"ఇంకా?" అంది గురుబారి.

నేను మిగిలిన ఖాళీ ఆకులవైపు చూశాను. ఆమె తొమ్మిది ఆకుల మీది ముద్దల్నీ ఒక్కొక్కటే తీసి కుండలో వేసేసింది. "కొందరికి పెట్టి కొందరికి పెట్టకపోతే తగువు పడతారు. అందరికీ ఒక్కసారే," అంది. తరవాత అడిగింది, "పుస్తకం ఎక్కడ ఉంది?"

అప్పటికి అది బూడిదై ఆరు నెలలు దాటింది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆమెను చూసి జాలిపడి చెప్పలేదనుకుంటే నాకు కాస్త హాయిగా ఉండేది, కానీ అది నిజం కాదు. ఆ ఇంట్లో నన్ను మంచివాడనుకుంటున్నారు, అది పోతుందని భయపడ్డాను.

"పట్నంలో ఉంది," అన్నాను.

"తెత్తావా?"

"తెస్తాను. నెల తిరక్కుండా తెస్తాను."

"అప్పటిదాకా కొత్త ముట్టం," అంది ఆమె తేలిగ్గా, నెలేగా అన్నట్టు. కుండ పక్కకి జరిపి, పిల్లలకు టెంక అంబలి పోసింది.

ఇప్పుడు ఆ కొండల్లోకి రైలు వెళుతోంది. బస్సులో పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి అరకులో కాఫీ తాగవచ్చు. ఆ రోజుల్లో జ్వరానికి భయపడి మేం కొయినా మాత్రలు మింగుతూ ఎక్కిన దారిలో జనం ఫొటోలు తీసుకోవడానికి దిగుతున్నారు. మన దగ్గరే విశ్వవిద్యాలయంలో ఆ చదువు చెబుతున్నారు, కొండ పిల్లలే వచ్చి చదువుతున్నారు. మూడు దశాబ్దాలు నేనూ ఒక కాలేజీలో పాఠాలు చెప్పాను, పేర్లు పట్టుకురండి అని చెప్పలేక చెప్పాను. నా వ్యాసం ఇంకా ఎక్కడో బీరువాలో ఉందట. ఆ మధ్య ఒక కుర్ర పరిశోధకుడు వచ్చి, ప్రతిదినమూ పితృదేవతలకు నివేదన అన్న భాగాన్ని తన పుస్తకంలో వాడుకున్నానని నమస్కారం పెట్టాడు. ఇప్పటివాళ్ళు వెళ్ళిన ఊళ్ళో ఎవరినీ అలా వేధించరు, అనుమతులున్నాయి, నియమాలున్నాయి. అది మంచిదే. అప్పటికీ ఇప్పటికీ తేడా ఉందని ఒప్పుకుంటాను. కానీ అతని నమస్కారం తీసుకుని కాఫీ ఇచ్చి పంపించాను, ఆ భాగం తప్పని చెప్పలేదు. నాలో పెద్ద తేడా ఏమీ రాలేదన్నమాట.

అప్పలసామిని ఆ తరవాత ఒక్కసారే చూశాను. నెల అని చెప్పి వచ్చి ఏడాది దాటింది. కాలేజీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కుదిరింది. శృంగవరపుకోట సంతకు పసుపు కొనడానికి మా మావయ్యతో వెళితే కొట్ల మధ్య ఎదురుపడ్డాడు. మనిషి ఒళ్ళు చేశాడు. కుశలం అడిగి, గురుబారి ఎలా ఉందన్నాను. ఉన్నాది అన్నాడు.

"కొత్తలు తిన్నారా?"

"ఎక్కడి కొత్తలు బాబూ! రెండు పంటలు ఇంటికొచ్చినాయి, ఒక్క గింజ నోట్లో పెట్టలేదు. కొత్త చోళ్ళు రెండు కుంచాలు సంతలో పోసి పాత చోళ్ళు కుంచం పట్టుకుపోతాది. అవి అయిపోతే టెంకలే. సిన్న గుంట, ఆ రెండో పిల్ల, బాగా సిక్కిపోనాది."

"కుంచానికి రెండా? ఎవరు తీసుకుంటున్నారు?"

"నానే బాబూ, ఇంకెవులు?" అన్నాడు, కొంచెం సిగ్గుపడి. "నాను కాకపోతే ఇంకోడు మూడు అడుగుతాడు. ఆళ్ళ దిసారి ఉన్నాడు గదా, పూజలూ అయీ సూసే పెద్ద, ఆడు మార్గం సెప్పినాడంట. పేర్లు పోనాయని పెద్దల ముందర ఒప్పుకుని ఒక మేకని కోసెయ్, తప్పు తీరిపోద్ది, కొత్త తినొచ్చు అన్నాడంట. ఇది వినదు. పోనాయని ఎలా ఒప్పుకుంటాను, బాబు కాడ ఉన్నాయి గదా అంటంది. సంతకొచ్చినప్పుడల్లా అడుగుతాది, పుస్తకం వచ్చిందేటి అని. ఏటి సెప్పమంటారు?"

మావయ్య అవతలి కొట్టు నుంచి నన్ను పిలుస్తున్నాడు. చెప్పవలసింది ఒక్క ముక్క. పుస్తకం కాలిపోయింది, మేకని కొయ్యమను. ఆమె నన్ను తిట్టుకుని, ఏడ్చి, ఆ వారంలోనే పిల్లలకు సొంత గింజ వండి పెట్టేది. ఇదంతా ఇప్పుడు తెలిసిన సంగతి కాదు, ఆ కొట్ల మధ్య నిలబడి ఉండగానే నాకు తెలుసు.

"వస్తోందని చెప్పు," అన్నాను.